గ్రీన్ మాటకి ముప్పై ఎనిమిది కార్డులు

నిఘంటువు ఆఫీసు, రెండో అంతస్తు
జనవరి 11

అర్ధమొగుడికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. అసలు మొగుడు మూడేళ్ళుగా మంచం దిగడు, ఎడమ చెయ్యి తప్ప ఏదీ కదలదు. కాబట్టి ఏ పని పడినా నేను సగం మొగుడికే ఉత్తరం రాసుకోవాలి. మీ అన్నయ్య బాగానే ఉన్నారు. పొద్దున పేపరు, సాయంత్రం నా మీద విసుగు, రెండూ మానలేదు.

ఇక పని సంగతి. మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ‘జి’ అక్షరానికి వచ్చింది. నా నెత్తిన ‘గ్రీన్’ పడింది. ఆకుపచ్చ అని రాసి చేతులు దులుపుకునే మాటే కదా అనుకున్నాను. పెట్టె తీస్తే పాత కార్డులు ఇరవై ఉన్నాయి, అన్నీ పత్రికల్లోంచి కత్తిరించినవే. మా ప్రధాన సంపాదకుడు, అందరం పెద్దాయన అంటాం, వాటిని వేలి కొసతో పక్కకి తోసేసి, “పుస్తకాల్లోంచి ఏరినవి ఎవడైనా తెస్తాడమ్మా. మనుషుల నోట్లోంచి రాలినవి తెండి” అన్నారు.

మీ టింబర్ డిపోకి ఓడల మీద కలప వస్తుంది కదా. కాగితాలన్నీ ఇంగ్లీషు, వచ్చేపోయే మనుషులూ ఇంగ్లీషే. ఎవరైనా గ్రీన్ అన్నారంటే ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాసి పంపు. ఎవరన్నారు, ఎక్కడ, ఏ రోజు అన్నారు, ఈ మూడూ లేకపోతే కార్డు చెల్లదు. ఆ రంపపు పొట్టులో కూర్చుని చీటీలు రాసే పనే కదా నీది, చెవులు ఖాళీగానే ఉంటాయి.

వదిన

*

డిపో ఆఫీసు గది, కోత మిషను పక్కన
జనవరి 24

వదినా,

పక్కనే పొద్దస్తమానం రంపం తిరుగుతుంటే నా చెవులు ఖాళీగా ఉంటాయని నీకెవరు చెప్పారో. అయినా నువ్వు నోరు తెరిచి అడిగాక కాదంటే అర్ధమొగుడి పరువేం కావాలి.

నాలుగు పంపుతున్నాను. మొదటిది చూడు. కలప తనిఖీకి వచ్చే మనిషి ఒక పలకలో తేమ మీటరు గుచ్చి, “దిస్ ఈజ్ స్టిల్ గ్రీన్, టేక్ ఇట్ బ్యాక్” అన్నాడు. పలక ఎర్రగా ఉంది వదినా, ఇటుకంత ఎర్రగా. ఎర్రదాన్ని పట్టుకుని గ్రీన్ అంటాడేమిటని మా మేస్త్రీని అడిగితే, “పచ్చిదమ్మా, ఇంకా ఆరలేదు. దీంతో తలుపు చేస్తే ఆర్నెల్లలో వంకర తిరుగుద్ది” అన్నాడు. రెండోది, కోసిన పలకలు మిషను దిగి వచ్చే చోటు. దాన్ని గ్రీన్ చెయిన్ అంటారు, పచ్చి చెక్కని అక్కడ వేరుచేస్తారు. మూడోది, మా కొత్త గుమాస్తా రెండు లారీల చీటీలు తారుమారు చేస్తే తనిఖీ మనిషి నవ్వి “హి ఈజ్ గ్రీన్” అన్నాడు. నాలుగోది నా మీదే. దగ్గు తెర వచ్చి గోడ పట్టుకుంటే “యూ లుక్ గ్రీన్ మేడమ్, సిట్ డౌన్” అని కుర్చీ లాగాడు. మొహం పాలిపోయిందని.

కార్డు మూల సేకరించినవాళ్ళ పేరు వేస్తారని ఒకసారి చెప్పావు. నాది వేస్తారా? నవ్వకు. జీతాల రిజిస్టర్లో తప్ప నా పేరు ఇంకెక్కడా లేదు.

అన్నయ్యకి చెప్పు, తను నాకు పలక మీద దిద్దించిన ఇంగ్లీషు అక్షరాలు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చాయని.

నీ మరదలు

*

నిఘంటువు ఆఫీసు
ఫిబ్రవరి 9

మరదలికి,

నీ నాలుగు కార్డులూ అందాయి. ఎర్ర పలక కార్డుని పెద్దాయన రెండుసార్లు చదివి నవ్వారు. ఆయన పళ్ళు ఎలా ఉంటాయో ఈ ఆఫీసులో చాలామందికి మొన్ననే తెలిసింది.

నువ్వు మరీ పొంగిపోకు. నీ స్పెల్లింగులు చూస్తే మీ అన్నయ్య ఆ పలక నీ నెత్తినే పగలగొట్టేవారు. అన్నీ దిద్ది, శుభ్రంగా నా చేత్తో కార్డుల మీదకి ఎక్కించాను. పేరు సంగతి నాకు వదిలెయ్. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకునే మనిషిని కాను నేను.

చెక్కలు చాలు, వేరే పనివాళ్ళని కూడా అడిగి చూడు. ఇనుము పోతపోసే చోటు, కుండలు కాల్చే చోటు, నీకు తోచినచోట. ఆదివారం ఇంట్లో కూర్చుని చేసేదేముంది, పిల్లా పీచూ లేనిదానివి.

వదిన

*

డిపో ఆఫీసు గది
మార్చి 20

వదినా,

పిల్లా పీచూ లేనిదాన్ని కాబట్టే ఆరు ఆదివారాలు తిరిగాను. ముప్పై నాలుగు పంపుతున్నాను. మొత్తం ముప్పై ఎనిమిది అయ్యాయి, లెక్క చూసుకో.

పోతపోసే ఫౌండ్రీలో అచ్చులకి వాడే తడి ఇసుకని గ్రీన్ శాండ్ అంటారు. అది నల్లగా బొగ్గులా ఉంటుంది. పింగాణీ కార్ఖానాలో బట్టీకి ఎక్కించని కప్పుల్ని గ్రీన్‌వేర్ అంటారు. అవి తెల్లగా ఉన్నాయి. తోళ్ళ గోదాములో పదును చెయ్యని తోలు గ్రీన్ హైడ్, కట్టుబడి దగ్గర నిన్న పోసిన కాంక్రీటు గ్రీన్ కాంక్రీట్. తోలు ఏ రంగు ఉందో చెప్పను, అన్నం తినే వేళకి ఈ ఉత్తరం అందితే నన్ను తిడతావు.

వీటన్నిటినీ బల్ల మీద పరుచుకుని చూస్తే నాకొకటి తట్టింది. ఎర్రది, నల్లది, తెల్లది, బూడిదది, అన్నిటినీ గ్రీన్ అంటున్నారు. ఏ ఒక్కటీ ఆకుపచ్చ కాదు. అన్నిట్లోనూ ఉన్నది తడి. ఇంకా లోపల నీళ్ళున్నది, ఆరనిది, కాలనిది, పనికి కుదురుకోనిది గ్రీన్. కొత్త గుమాస్తా కూడా అంతే కదా. మనం పచ్చి అనడం లేదూ, పచ్చి గోడ, పచ్చి పుండు, పచ్చి బాలింత? కాబట్టి రంగుని మొదట పెట్టి మిగతావి దాని కింద తోకల్లా తగిలించకుండా, ‘తడి ఆరనిది’ అని వేరే అర్థంగా నిలబెట్టమని పెద్దాయనకి చెప్పి చూడు. తప్పయితే నవ్వుకోండి.

ఇంకొక్క మాట. మీ ఆఫీసులో సహాయకుల ఉద్యోగం ఒకటి ఖాళీ ఉందని పేపర్లో చూశాను. నలభై అయిదు దాటితే పనికిరారట. నాకు ఆగస్టులో నిండుతాయి. మళ్ళీ ఖాళీ ఎప్పుడు పడుతుందో, పడినా నాకు రాదు. డాక్టరు నా ఛాతీ ఫొటో దీపానికి ఎదురుగా పెట్టి, “ఈ పొట్టు మీరు మానకపోతే మీ ఊపిరితిత్తులు మానేస్తాయి” అన్నాడు. వదినా, ఇంత కాలంలో నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

నీ మరదలు

*

నిఘంటువు ఆఫీసు
ఏప్రిల్ 14

మరదలికి,

ముప్పై నాలుగూ అందాయి. ఆ తడి సంగతి పెద్దాయనకి నచ్చింది. ఎంట్రీ అంతా తిరగరాయమన్నారు.

ఉద్యోగం అన్నావు. తల నెరిశాక పలకాబలపం పట్టడమంటే ఇదే. అయినా కాదనడానికి నేనెవర్ని? మీ అన్నయ్యతో కూడా మాట్లాడాను. దరఖాస్తు పెట్టు.

పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను, శ్రద్ధగా చదువు. అయిదు గంటలు కూర్చోబెట్టి ఒక్క మాట ఇస్తారు. దానికి అర్థాలు రాసి, స్వయంగా విన్న వాక్యాలు కింద వెయ్యాలి. ఈసారి ఇచ్చేది గ్రీన్ అని నాకు గట్టిగా తెలుసు. నీ ముప్పై ఎనిమిదీ నీకు కంఠతా వచ్చు కదా. అవే రాయి. కొత్తవాటి కోసం వెతుక్కుని కంగారుపడకు.

పరీక్షకి వచ్చినప్పుడు మా ఇంట్లో దిగకు. కార్డు పెట్టెల తాళాలు నా దగ్గరుంటాయి, లోకం నోరు మంచిది కాదు. మీ అన్నయ్యని తర్వాత చూడొచ్చు.

అసూయ అర్థానికి మాత్రం మంచి వాక్యం దొరకలేదు. ఇంగ్లీషువాళ్ళకి అసూయ ఆకుపచ్చ, మనకి కడుపుమంట. ఎవరి నోటైనా వింటే నీకు రాస్తాను. మా ఆఫీసులో అలాంటివాళ్ళెవరూ లేరు.

వదిన

*

డిపో ఆఫీసు గది
మే 30

వదినా,

హాల్‌టికెట్ వచ్చింది. జూన్ 14. మేస్త్రీ నా కోసం టేకు చెక్కతో స్కేలు చేసిచ్చాడు, బాగా ఆరిన చెక్కని రెండుసార్లు చెప్పాడు. మా యజమాని, “పోతే పో, ఇక్కడ దగ్గి చచ్చేకన్నా అక్కడ చదువుకుంటూ చావు” అన్నాడు. అతని భాషలో అది దీవెన.

స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగుతాను. రోజూ కార్డులు అప్పజెప్పుకుంటున్నాను. నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

నీ మరదలు

*

డిపో ఆఫీసు గది
జూన్ 17

వదినా,

నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కాబట్టి ఇదంతా నీకు రాయనక్కర్లేదు. కానీ నాకు ఎలా కనిపించిందో నువ్వు చదవాలి.

అయిదుగురం కూర్చున్నాం. చీటీ తిప్పితే గ్రీన్. నాకు నవ్వొచ్చింది. ముప్పై వాక్యాలు రాశాను, చెయ్యి ఆగలేదు. మూడింటికి పెద్దాయన పిలిచారు. నువ్వు కిటికీ దగ్గర జిగురు సీసా మూత తిప్పుతున్నావు, తల ఎత్తలేదు. బల్ల మీద పొడుగాటి చెక్క పెట్టె తెరిచి ఉంది.

“ఈ ఎర్ర పలక మాట ఎక్కడ విన్నారమ్మా?” అన్నారు.

“మా డిపోలోనండి.”

“ఇక్కడ విన్నవాళ్ళ పేరు వేరే ఉందే.”

ఒక్కొక్క కార్డే తీసి నా కాగితం పక్కన పెట్టారు. ఎర్ర పలక, నల్ల ఇసుక, తెల్ల కప్పులు. నేను కుర్చీలో కూలబడిన రోజు కూడా ఉంది, “యూ లుక్ గ్రీన్ మేడమ్” అని. అన్నిటి మూలా నీ పొడి అక్షరాలు. నా దగ్గు కూడా నీ పేరు మీదే ఉంది.

“పెట్టెలో ఉన్న వాక్యాలు మూడుకి మించి కనబడితే ఆ కాగితం చింపెయ్యాలని మా రూలు. మీవి ముప్పైకి ముప్పైయ్యీ ఉన్నాయి” అన్నారు. ఈ రూలు ఒకటుందని నువ్వు చెప్పలేదు. ఆయన నీ వైపు తిరిగి, “ఈవిడ మీకు తెలుసా?” అని అడిగారు.

నువ్వు జిగురు సీసా కింద పెట్టి, నిదానంగా, “మా ఆడపడుచండి. వాళ్ళ డిపోకి వెళ్ళినప్పుడు నేను విన్నవే అవి. ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది, బల్ల మీద కార్డులు చూసినట్టుంది. పెద్ద చదువు లేదు పాపం, తప్పని తెలిసుండదు” అన్నావు.

నేను మీ ఇంటి గడప తొక్కి రెండేళ్ళయింది వదినా.

ఆయన నా కాగితం నాలుగు ముక్కలు చేసి, నా ముందుకి మంచినీళ్ళ గ్లాసు జరిపారు. ఆ జాలి మీద నాకు ఇంకా కోపం పోలేదు. నోరు తెరవబోయాను. నీ వెనక కిటికీలోంచి మీ క్వార్టర్స్ కనిపించాయి, మేడ మీద మూడో తలుపు, అన్నయ్య మంచం ఉన్న గది. నోరు మూసుకుని లేచి వచ్చేశాను. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ మాటగానే తెలుసు.

ఎందుకు చేశావో రాయి.

*

నిఘంటువు ఆఫీసు
జూన్ 28

మరదలికి,

రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఈ అంతస్తులో కుర్చీ అరగదీస్తున్నాను. ఏనాడూ పెద్దాయన నా కార్డు రెండుసార్లు చదవలేదు. నువ్వు ఒక ఎర్ర చెక్కముక్క మీద నాలుగు మాటలు రాస్తే చదివారు. అప్పుడే నీ పేరు చెప్పాల్సింది, చెప్పలేదు. తర్వాత చెప్పడానికి వీల్లేకపోయింది. నువ్వు ఇక్కడికి వచ్చి కూర్చుంటే వారం తిరక్కుండా బయటపడేది. నిన్ను రానివ్వకుండా ఆపాలంటే అదొక్కటే దారి. నాకు సిగ్గుగా లేదు. సహాయ సంపాదకురాలిగా నిన్ననే ఆర్డరు వచ్చింది.

నా ఉత్తరాలన్నీ నువ్వు దాచే ఉంటావు, నీ సంగతి నాకు తెలుసు. పంపుకో. నా ఉద్యోగం పోతుంది. దాంతోపాటు క్వార్టరు పోతుంది, రోజూ వచ్చి మీ అన్నయ్యని ఒత్తిగిల్లబెట్టే ఆఫీసు నర్సు పోతుంది. అప్పుడు ఆయన్ని తీసుకెళ్ళి నీ డిపోలో ఏ పలకల దొంతి మీద ఆరబెడతావో ఆలోచించుకుని పంపు.

నాకు తర్వాత పడిన మాట గ్రే. బూడిదరంగని రాస్తే పెద్దాయన ఊరుకోరు. వచ్చే నెలాఖరుకి కనీసం ఇరవై కార్డులు కావాలి. ఆదివారాలు నీకు ఖాళీయే కదా.

వదిన

*

డిపో ఆఫీసు గది
జూలై 7

వదినా,

ఉత్తరాలు ఉన్నాయి. బీరువాలో, నా మందుల పక్కన. పంపను. భయపడకు.

నీ మీద జాలితో కాదు. మా అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అన్నయ్య చదువు మానేసి పనికెళ్ళి నన్ను చదివించాడు. నాకు జ్వరమొస్తే వీపు మీద వేసుకుని ఆస్పత్రికి మోసుకెళ్ళేవాడు. ఇప్పుడు తను మంచంలో ఉంటే ఆ మంచం నా చేత్తో బయట పడేయించలేను. నా ఊపిరి ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఇక్కడే పీలుస్తాను.

ఒక్కటే అడుగుతున్నాను. నా పుట్టినరోజు ఆగస్టు 2. ఆ లోపల నువ్వే పెద్దాయన దగ్గరకెళ్ళి, కార్డులు మా ఆడపడుచువి, పొరపాటున నా పేరు పడింది అని చెప్పు. పొరపాటనే చెప్పు. నేను వచ్చి అవునంటాను. నీ ఉద్యోగం ఉంటుంది, నాకు ఇంకోసారి పరీక్ష రాసే వీలు దొరుకుతుంది. ఇద్దరం బతుకుతాం.

ఇదంతా అన్నయ్యకి తెలియనివ్వకు. తట్టుకోలేడు. నీకు దణ్ణం పెడతాను.

నీ మరదలు

*

మేడ మీద క్వార్టరు
జూలై 21

మరదలికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. తట్టుకున్నారు.

తెలియనివ్వకు అన్నావు. ఆయనకి తెలియనిదేమిటో నాకు అర్థం కాలేదు. జనవరిలో మొదటి నాలుగు కార్డుల మూలా నేను నీ పేరే వేశాను. ఆయన చూసి, “దాని పేరెందుకు? అదెక్కడికి పోతుంది, ఆ చెక్కల కొట్లో ఉండేదేగా. నీ పేరు వేసుకుంటే ప్రమోషనన్నా వస్తుంది” అన్నారు. కార్డులు మార్చి రాశాను. పరీక్షలో అవే రాయమనీ, కొత్తవి వెతుక్కోవద్దనీ నీకు రాసిన మాటలు కూడా ఆయనవే. నేను రాయనంటే ఆయనే పట్టుబట్టారు.

నీకు ఉద్యోగం వస్తే ఇక్కడే మా ఇంట్లోనే ఉంటావు. నిన్ను వీపు మీద మోసినవాణ్ణి నువ్వు పొద్దున్నే తడిబట్టతో తుడుస్తూ చూడాలి. అది ఆయనకి ఇష్టం లేదు. నేను చూస్తే ఫర్వాలేదట, నువ్వు చూడకూడదట. పంతొమ్మిదేళ్ళ కాపురంలో నాకు దక్కిన గౌరవం అది.

కాబట్టి మీ అన్నయ్య త్యాగాల గురించి నాకు రాయకు. ఆగస్టు 2 లోపల నేను ఎవరి దగ్గరికీ వెళ్ళను. గ్రే కార్డులు ఇంకా రాలేదు. కింద ఆయన సొంత చేత్తో రాశారు, చదువుకో.

వదిన

అది చెప్పింది నిజం. నిన్ను ఇక్కడికి రానివ్వద్దన్నది నేనే. ఇంక దీని గురించి రాయకు. – అన్నయ్య

*

డిపో ఆఫీసు గది
ఆగస్టు 5

సహాయ సంపాదకురాలు గారికి,

మొన్నటితో నాకు నలభై అయిదు నిండాయి. మీ ఆఫీసు ఉద్యోగం ఇక నాకు రాదు. ఏ కాగితం పంపినా రాదు. ఆ సంగతి తెలిసే ఈ పని చేశాను.

జనవరి నుంచి మీరు రాసిన ఉత్తరాలన్నీ, చివరిదానితో సహా, నిన్న పెద్దాయన పేరుకి రిజిస్టర్ పోస్టులో వేశాను. ఈ ఉత్తరం మీకందే రోజుకే అవి ఆయన బల్ల మీదికి వస్తాయి. ఆయన రెండుసార్లు చదువుతారని నా నమ్మకం.

అన్నయ్య కోసమే ఆగాను. ఎన్నాళ్ళయినా ఆగేదాన్ని, మీరు రిటైరయ్యేదాకా, నేను పోయేదాకా. మీ జూలై ఉత్తరం వచ్చాక ఆగడానికి నాకు ఎవరూ మిగల్లేదు. అది రాయకపోతే మీ కుర్చీ మీకుండేది. ఆయన సంతకాన్ని మాత్రం పోల్చుకున్నాను, ఎడమ చేత్తో రాసినా ‘న’ నాకు దిద్దించినట్టే ఉంది.

క్వార్టరు ఖాళీ చెయ్యడానికి ఎన్నాళ్ళిస్తారో నాకు తెలియదు. మేడ మెట్లు ఇరుకు, మంచంతో సహా దించాలంటే ముగ్గురు మనుషులు పడతారు. మా డిపోలో లోడు దించేవాళ్ళున్నారు గానీ వాళ్ళని అడగొద్దు. నేను వద్దని చెప్పాను.

ఇట్లు,
ముప్పై ఎనిమిది కార్డుల సేకర్త